ఆపమంటారా?

"దుప్పట్లు ఇవాళ ఉతికెయ్యనా అత్తయ్యా, రేపటికి ఉంచనా?"

ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను నోరు తెరిచి అన్న మొదటి మాట ఇది. అత్తగారు పేపర్లోంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో నీ ఇష్టం అంటే ఇవాళే అని అర్థం. రేపు ఉతికితే చాలనుకుంటే రేపు అనే అనేవారు. నేను దుప్పట్లు విప్పి, మిషన్లో కుక్కి, సబ్బుపొడి పోసి, నేను వెళ్ళాక ఏ బటన్ నొక్కాలో ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ బటన్ని పామును చూసినట్టు చూసి, "నాకెందుకమ్మా ఇవన్నీ, ఏదైనా అయితే?" అన్నారు. ఏమీ అవదు అత్తయ్యా అన్నాను. మిషన్ని ఇంటి పెద్దకొడుకులా చూసుకుంటారు ఆవిడ. దాని మీద చెయ్యి వెయ్యాలంటే కొడుకు ఇంట్లో ఉండాలి, లేదా నేనుండాలి.

ఒక్క రోజు ఇంట్లోంచి బయటికి వెళ్ళడానికి నేను ఎంతమందిని అడిగానో తలుచుకుంటే నవ్వొస్తుంది. వెళ్ళనా అని మా ఆయన్ని అడిగాను, అదీ టీ తాగి మంచి మూడ్‌లో ఉన్నప్పుడు. బడి నుంచి పాప వస్తే తలుపు తీస్తారా అని అత్తగారిని అడిగాను. అత్తగారికి నిద్రపట్టేస్తే ఒకసారి బెల్లు కొడతారా అని పక్కింటావిణ్ణి అడిగాను. గట్టిగా హారన్ కొట్టవా అన్నా అని వ్యాన్ డ్రైవర్ని అడిగాను. ఆఖరికి మా పాపని, ఆరేళ్ళ పిల్లని, నేను రావడం ఆలస్యమైతే ఏడవవు కదా అని అడిగాను. అది కాసేపు ఆలోచించి, "ఏడవనా వద్దా?" అని నన్నే తిరిగి అడిగింది. అప్పుడు నవ్వాను. ఆ ప్రశ్న అది ఎక్కడ నేర్చుకుందో ఇంటర్వ్యూ రోజు సాయంత్రానికి గానీ నాకు అర్థం కాలేదు.

మా ఆయన మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు, నాకు జ్వరమొస్తే మందులు తెస్తాడు. ఇద్దరం ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్ళం. ఆ రోజుల్లో తన ప్రోగ్రాములో తప్పు దొరక్కపోతే కుర్చీ వెనక్కి తిప్పి, "ఏదీ, ఒకసారి చూడు" అనేవాడు. చూసేదాన్ని. దొరికేది. పాప పుట్టాక, "ఎవరో ఒకరు ఆగాలి కదా, నువ్వు ఒక్క ఏడాది ఆగు" అన్నాడు. ఎవరో ఒకరు అన్నమాటకీ నువ్వు అన్నమాటకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. నేను ఆగాను. ఆ ఏడాదిలో పాపకి దగ్గు, మరుసటి ఏడాది అత్తగారి మోకాలి ఆపరేషన్, ఆ తరవాత ఇల్లు మారడం, ఇలా ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చాయి. ఆరేళ్ళయింది. ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ లాప్‌టాప్ నా ముందుకి తోసి, "ఏదీ, ఒకసారి చూడు" అంటాడు. చేతులు తుడుచుకుని చూస్తాను. దొరుకుతుంది. "నీకు ఖాళీ కదా, బుర్ర ఫ్రెష్‌గా ఉంటుంది" అని మెచ్చుకుంటాడు.

ఇంటర్వ్యూలకి వెళ్ళడం రెండేళ్ళ నుంచీ చేస్తున్నాను. ఎన్ని పోయాయో లెక్కపెట్టడం మానేశాను. ఒక చోట ఒకమ్మాయి నా బయోడేటా కాగితం చూసి, "ఈ ఆరేళ్ళూ ఖాళీగా ఉన్నారా?" అని అడిగింది. దురుసుగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను అవునన్నాను. కాదంటే ఏం చెప్పాలో తెలీక అవునన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి సింకులో గిన్నెలు చూసి ఏడ్చాను, తరవాత గిన్నెలు కడిగాను.

ఇది మాత్రం ఆఖరిది అనుకున్నాను. ఎందుకంటే ఆదివారం బుజ్జి వస్తోంది.

బుజ్జి నా ఆడపడుచు. మంచి పిల్ల. నన్ను వదినా అని నోరారా పిలుస్తుంది. తనకి బాబు పుట్టి ఐదో నెల, సెలవు అయిపోతోంది. పోయిన నెల ఫోన్ స్పీకర్లో పెట్టి అందరూ మాట్లాడుతుంటే, బాబుని ఎక్కడ ఉంచాలో తెలియడం లేదని బాధపడింది. మా ఆయన, "ఇక్కడికి తీసుకొచ్చేయ్, వదిన ఇంట్లోనే ఉంటుందిగా" అన్నాడు. అత్తగారు, "ఒకర్ని పెంచిన చేతులకి ఇంకొకరు బరువా?" అన్నారు. బుజ్జి అటువైపు ఏడ్చినంత పనిచేసి, "నీ రుణం ఎలా తీర్చుకోనన్నయ్యా" అంది. అన్నయ్యా అంది. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. కత్తి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ నడిచింది. నన్ను ఎవరూ అడగలేదు. నేను కాదనలేదు. అడగని ప్రశ్నకి జవాబు ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

పొద్దున్నించి సాయంత్రం వరకూ, వారానికి ఐదు రోజులు, వాడు నడిచి, మాట్లాడి, బడికి వెళ్ళేదాకా. ఈలోపు నా చదువుకి తుప్పు పట్టడానికి కూడా ఏమీ మిగలదు. ఈ ఉద్యోగం వస్తే, వద్దు అనడానికి నాకొక కారణం దొరుకుతుంది. మా ఇంట్లో కారణం అంటే జీతమే. నాకు ఇష్టం లేదు అనేది కారణం కాదు. నేను అలిసిపోయాను అనేది కారణం కాదు, కబురు.

ఈ కంపెనీ షేర్లు కొని అమ్మే కంపెనీ. మనుషులు కాదు, ప్రోగ్రాములు కొంటాయి, అమ్ముతాయి, కన్ను మూసి తెరిచేలోపు వందల సార్లు. ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాళ్ళకి కావాలి. వీళ్ళు ముందు కాగితం చూడరు, కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష చూస్తారు. ఆ పరీక్ష నేను మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక, బాత్రూమ్‌లో వాషింగ్ మిషన్‌కీ గోడకీ మధ్య పీట వేసుకుని రాశాను. ఇంట్లో లోపలి గడియ ఉన్న తలుపు అదొక్కటే. పాసయ్యాను, ముఖాముఖికి రమ్మన్నారు. మా ఆయనకి చెబితే, "ట్రేడింగ్ కంపెనీయా? అక్కడ మగాళ్ళకే జుట్టు ఊడిపోతుంది" అన్నాడు. తరవాత జాలిపడి, "సరే వెళ్ళు, అనుభవంగా ఉంటుంది. ఆదివారం లోపు ఆ సరదా కూడా తీరిపోతుంది" అన్నాడు.

నా పెళ్ళినాటి చెప్పులు కాదు, ఉద్యోగం నాటి చెప్పులు అటక మీంచి దింపుకుని వెళ్ళాను. అడుగున జిగురు ఎండిపోయి నడుస్తుంటే తపతపమంటున్నాయి. ఆఫీసులో నేల మీద మెత్తటి తివాచీ, అదొక్కటే నా పరువు కాపాడింది. మెడలో వేసుకోమని అట్టముక్క ఇచ్చి ఒక గదిలో కూర్చోబెట్టారు. అక్కడున్నవాళ్ళందరూ నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాళ్ళు. నేను లోపలికి అడుగుపెట్టగానే ఒకమ్మాయి గబుక్కున లేచి నిలబడి, "మేడమ్, మా ఇంటర్వ్యూ మీరే చేస్తారా?" అంది. కాదమ్మా, నేనూ మీతోనే అన్నాను. ఆ పిల్ల సారీ అని కూర్చుంది. నాకు మాత్రం ఆ ఒక్క క్షణం, నేను ఆగకుండా ఉండి ఉంటే నిజంగా అటువైపు కుర్చీలోనే ఉండేదాన్ని కదా అనిపించింది.

మొదటి గదిలో కళ్ళజోడాయన, నాకంటే చిన్నవాడే, మృదువుగా మాట్లాడాడు. కొనేవాళ్ళ వరసా అమ్మేవాళ్ళ వరసా ఇచ్చి, ఎవరికి ఎవరు జత పడాలో ప్రోగ్రాము రాయమన్నాడు. ఒకే ధర చెప్పినవాళ్ళలో ముందొచ్చినవాళ్ళకి ముందు. మధ్యలో ఎవరైనా మనసు మార్చుకుని తప్పుకుంటే వరస చెదరకూడదు. నేను రాస్తూ పోయాను. ఆరేళ్ళుగా మూసి ఉన్న గది తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతూనే ఉన్నట్టనిపించింది. ఆయన రెండు చోట్ల అడ్డు తగిలాడు, రెండు చోట్లా జవాబు చెప్పాను. అప్పుడు నా కాగితం చూసి, ఈ ఆరేళ్ళు అన్నాడు. ఇంట్లో ఉన్నానన్నాను. "ఇంట్లో ఏం చేసేవారు?" అన్నాడు.

ఆ రెండో ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఏం చెప్పాలి? రోజంతా జరగకూడనివి జరగకుండా చూస్తానని చెప్పాలా? పాలు పొంగకుండా, పిల్ల పడకుండా, అత్తగారి మాత్ర తప్పకుండా, ఆయన షర్టుకి గుండీ ఊడకుండా. జరగనివాటికి గుర్తులుండవు, చూపించడానికి ఏముంటుంది? "అన్నీ" అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

రెండో గదిలో, జతగా నడిచే రెండు షేర్లలో చవగ్గా ఉన్నదాన్ని కొని ధర పెరిగితే అమ్మే ప్రోగ్రాము రాయించారు, అదీ బాగానే గడిచింది. మధ్యాహ్నం అయ్యేసరికి పొద్దున కూర్చున్న గదిలో కుర్చీలు చాలా ఖాళీ అయిపోయాయి. నన్ను మేడమ్ అన్న అమ్మాయి కూడా వెళ్ళిపోయింది. నేను మిగిలాను. నీళ్ళ గ్లాసు పట్టుకుని, మనసులో బుజ్జితో మాట్లాడేశాను కూడా. బుజ్జీ, నాకు ఉద్యోగం వచ్చిందమ్మా, ఏమీ అనుకోకు. అంత దూరం వెళ్ళిపోయాను.

ఆఖరి పరీక్షకి నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. తలంతా నెరిసిన ఒకావిడ వచ్చింది. ఆ కంపెనీలో పాతకాలం మనిషట. బల్ల మీద రెండు స్క్రీన్లు, కీబోర్డు, దాని పక్కన అరచేతి వెడల్పున ఒక ఎర్ర బటన్. నేను రెండో గదిలో రాసిన ప్రోగ్రామునే ఒక ఉత్తుత్తి బజారులో నడిపిస్తారు, నేను దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, అంతే. ఎర్ర బటన్ నొక్కితే కొనడం అమ్మడం మొత్తం ఆగిపోతుంది. ఏదైనా రాసి పంపాలంటే ఒక పెట్టె ఉంది, అందులో రాస్తే బయట వాళ్ళకి కనిపిస్తుంది. ఆవిడ నా చేతికిచ్చిన కాగితంలో మొదటి వాక్యం, ఈ గంటసేపు ఈ బల్ల దగ్గర నిర్ణయాలన్నీ మీవే అని. నేను చదివాను. చదివి, మర్యాద కోసం రాసే మాట అనుకుని కిందికి వెళ్ళిపోయాను. పెళ్ళిచూపుల్లో నీ ఇష్టమే మా ఇష్టం అంటారు చూడండి, అలాంటిదనుకున్నాను.

బజారు మొదలైంది. అంకెలు ఎర్రగా పచ్చగా మారుతున్నాయి. నా ప్రోగ్రాము కొంటోంది, అమ్ముతోంది, పిసరంత లాభం పోగేస్తోంది. కాసేపటికి నాకు భయం వేసింది. ఎందుకో వెంటనే తెలియలేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడుకి ఎవరూ భయపడరు, చప్పుడు ఆగితే పరుగెత్తుతారు. అలాంటి భయం. చూస్తే, ఒక షేరు ధర కదలడం లేదు. పక్కన గడియారం కదులుతోంది, కొత్త ధరలు వస్తున్నట్టే కనిపిస్తోంది, కానీ వచ్చినదే మళ్ళీ వస్తోంది. దాని జతగా ఎప్పుడూ నడిచే ఇంకో షేరు ఎటో వెళ్ళిపోయింది. అంటే ఇది పాత ధర, అసలు ధర ఇంకెక్కడో ఉంది. నా ప్రోగ్రాముకి ఆ సంగతి తెలీదు. చవగ్గా దొరుకుతోందనుకుని కొంటూనే ఉంది, పిచ్చిది.

నాకు తెలిసింది. పూర్తిగా, అనుమానం లేకుండా తెలిసింది. నా కుడిచెయ్యి లేచింది. లేచి, ఎర్ర బటన్ మీదికి వెళ్ళలేదు. కీబోర్డు మీదికి వెళ్ళింది. పెట్టెలో రాశాను: ఒక షేరు ధర కదలడం లేదండి. పాత ధర వస్తోందని నా అనుమానం. ఆపమంటారా?

జవాబు లేదు. అద్దం అవతల నెరిసిన జుట్టావిడ నిలబడి నన్నే చూస్తోంది. చదివే ఉంటుంది. ముఖంలో ఏమీ లేదు. ప్రోగ్రాము కొంటోంది. మళ్ళీ రాశాను, ఈసారి ఇంకా మర్యాదగా: ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, నష్టం మొదలైంది, ఆపమంటారా? జవాబు లేదు. కింద నష్టం అంకె పాలు పొంగినట్టు పొంగుతోంది. అద్దంలోంచి ఆవిడ కళ్ళల్లోకి చూశాను. తల ఊపమని, కనురెప్ప ఆడించమని, ఏదో ఒకటి చెయ్యమని కళ్ళతో బతిమాలాను. చెయ్యి మాత్రం బటన్ పక్కనే ఉంది. జానెడు దూరం కూడా లేదు. నా చెయ్యే, నా బల్లే, నేను రాసిన ప్రోగ్రామే. మూడోసారి రాశాను. ఆపమంటారా అని మాత్రమే రాశాను.

మా నాన్న నూలు మిల్లులో మిషన్ మీద పనిచేశాడు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. కాలేజీలో చేర్చిన రోజు గేటు దగ్గర నిలబడి, చదువుకున్న తండ్రులు పిల్లలకి ఏం చెబుతారో ఆయనకి తెలీదు గనక, తనకి తెలిసిందే చెప్పాడు. ఏదైనా అడిగి చెయ్యమ్మా, అడిగి చేస్తే మాట పడక్కర్లేదు అన్నాడు. మిల్లులో మిషన్ ఆపే హక్కు మేస్త్రీది. అడక్కుండా ఆపినవాడి రోజు కూలి పోయేది. నాన్న ఎప్పుడూ ఆపలేదు, ఎప్పుడూ మాట పడలేదు, అది ఆయనకి చాలా గొప్ప. ఆ మాట మూటగట్టుకుని నేను కాలేజీకి వెళ్ళాను, ఉద్యోగానికి వెళ్ళాను, అత్తగారింటికి వెళ్ళాను. దుప్పట్లు ఉతకనా, కూర ఏం చెయ్యనా, మా అమ్మకి ఒంట్లో బాగాలేదు వెళ్ళి రానా. ఎవరి మాటా పడలేదు నేను. మంచి కోడలినని పేరుంది.

స్క్రీన్ నల్లబడింది. పరీక్ష అయిపోయింది. ప్రోగ్రాము దగ్గరున్నదంతా పోగొట్టుకుని తనంతట తనే ఆగిపోయింది.

నెరిసిన జుట్టావిడ లోపలికి వచ్చి నా ఎదురుగా కాకుండా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపంగా లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఇవాళ వచ్చినవాళ్ళలో ఆ తప్పు అందరికంటే ముందు కనిపెట్టింది మీరు" అంది. "ఇద్దరు అసలు చూడనేలేదు. మీరు చూశారు, సరిగ్గా చెప్పారు, మూడుసార్లు చెప్పారు. మరి ఎందుకు ఆపలేదు?"

"మీరు జవాబు ఇస్తారని చూశానండి."

"నిర్ణయం మీదే అని రాసిచ్చాం కదా."

"పొరపాటున ఆపితేనో?" అన్నాను.

"మళ్ళీ మొదలుపెడతాం" అంది. "ఆపినందుకు ఇక్కడ ఎవర్నీ ఏమీ అనం. నిన్న చేరినవాళ్ళు ఆపినా సరే, ముందు ఆపడం, తరవాత మాట్లాడుకోవడం. అది మా పద్ధతి. అడుగుతూ కూర్చుంటే ఈలోపు ఇల్లు కాలిపోతుంది."

నేనప్పుడు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంకొక్కసారి అవకాశం ఇవ్వండి, ఇప్పుడే, ఇక్కడే, ఈసారి నొక్కుతాను, ఆదివారం లోపు నాకీ ఉద్యోగం కావాలండి అన్నాను. ఆదివారం ఏముందని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో, ఆడపడుచు బాబుకి మా ఇంటికి ఒక ఉయ్యాల మంచం వస్తోందని చెప్పేదాన్నా? ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగే ఉంచి, ఏడాది దాటాక మళ్ళీ రావచ్చు, రండి, మీరు రావాలి అంది. ఏడాది. నన్ను ఆపింది కూడా ఒక్క ఏడాదికే.

బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఇంట్లో అలవాటు. పీట లేదు, కమోడ్ మూత మీద కూర్చున్నాను. నాకు రానిది పని కాదు. అది తెలియకపోయినా బాగుండేది. నాకు పని రాదు అనుకుంటే ఇంటికెళ్ళి, బాబుని ఎత్తుకుని, ఇదే నా బతుకు అని సర్దుకునేదాన్ని. అన్నీ వచ్చు. కళ్ళెదురుగా నష్టం పొంగుతుంటే చూస్తూ, ఎవరో తల ఊపాలని ఎదురుచూడటం కూడా వచ్చు. అందులో నన్ను మించినవాళ్ళు లేరు. ఆరేళ్ళు అదే చేశాను. నా రోజులు పోతున్నాయని నాకు మొదటి ఏడాదే తెలుసు. మా ఆయనతో ఎన్నిసార్లు అన్నాను? మళ్ళీ ఉద్యోగం చూసుకోనా, పాపని పిల్లల బడిలో వెయ్యనా, ఒక పూట పనైనా వెతుక్కోనా. ఆయన వద్దని కూడా అనలేదు. అద్దం అవతల నిలబడి చూశాడు. చూద్దాంలే అన్నాడు.

ఫోన్ మోగింది. ఇంటినుంచి. ఎత్తితే అత్తగారు, గొంతు వణుకుతోంది. "అమ్మాయ్, మిషన్ కుయ్యోమంటోంది. చాలాసేపట్నుంచి గిలగిలా కొట్టుకుంటోంది. దుప్పట్లన్నీ ఒకపక్కకి చేరినట్టున్నాయి. వాడికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నీళ్ళు బయటికొస్తున్నాయి. ఆపమంటావా?"

ఆ మాటే. ఆవిడ డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ ఇంటికి పెద్ద. తన ఇంట్లో, తన కాళ్ళ కిందికి నీళ్ళొస్తుంటే, కొడుకుని అడుగుదామని చూసి, వాడు ఎత్తకపోతే నన్ను అడుగుతున్నారు. నీ ఇష్టం అంటే ఏమిటో ఆవిడకి ఎవరు నేర్పారో, ఎన్నాళ్ళు నేర్పారో. పాప గుర్తొచ్చింది. ఏడవనా వద్దా?

"అత్తయ్యా, ఆపెయ్యండి" అన్నాను. "నన్ను అడగక్కర్లేదు. ఎవర్నీ అడగక్కర్లేదు."

"ఏదైనా అయితే?"

"మళ్ళీ మొదలుపెడదాం."

ఫోన్లో టక్కుమని చప్పుడు, తరవాత నిశ్శబ్దం, తరవాత ఆవిడ పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. "ఆగింది" అన్నారు, ఆశ్చర్యంగా.

ఇంటికొచ్చాక ఫలితం చెప్పాను. మా ఆయన బూట్లు విప్పుకుంటూ, "నేను ముందే అన్నానుగా. పోనీలే, ప్రయత్నించలేదన్న బాధ ఉండదు" అన్నాడు. ఎలా పోయిందని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఆదివారం దాకా ఉన్న ఆ రెండు రోజులూ నేను ఎప్పట్లాగే ఉన్నాను. లోపల మాత్రం నష్టం అంకె పెరుగుతూనే ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది.

ఆదివారం బుజ్జి వచ్చింది. బాబు దాని భుజం మీద నిద్రపోతున్నాడు. వెనక రెండు సంచులు, ఒక పెద్ద అట్టపెట్టె. ఉయ్యాల మంచం అందులో విడివిడి ముక్కలుగా ఉంది. ఎక్కడ వేద్దామంటే ఎక్కడ వేద్దామని అందరూ ఇల్లంతా చూసి, హాల్లో కిటికీ పక్కన అన్నారు. అక్కడ నా బల్ల ఉంది. నా పాత లాప్‌టాప్, పుస్తకాలు, పాప రంగు పెన్సిళ్ళు. మా ఆయన నన్ను చూసి, "ఇది బాల్కనీలో పెట్టేస్తున్నా" అన్నాడు. పెట్టెయ్యనా అనలేదు. ఆయన ఎప్పుడూ అడగడు, చెబుతాడు. బల్ల కాళ్ళు నేలకి రాసుకుంటూ బాల్కనీలోకి పోయింది. అక్కడ వాన పడితే జల్లు కొడుతుంది. నేను సంచుల్లోంచి బాబు గుడ్డలు తీసి మడతపెడుతున్నాను. అత్తగారు సోఫాలో కూర్చుని, బాబుకి పొద్దున ఏ వేళకి స్నానం చేయించాలో నాకు చెబుతున్నారు. బుజ్జి, "వదినకి తెలీదా అమ్మా, అన్నీ తెలుసు" అంటోంది. మా ఆయన మంచం కాళ్ళకి మరలు బిగించడం మొదలుపెట్టాడు. ఒక కాలు అయింది. రెండో కాలు తీసుకున్నాడు.

నా కుడిచెయ్యి చిన్న చొక్కా మీద ఆగింది. ఎవరైనా నా వైపు చూస్తారేమోనని అలవాటుగా అందరి ముఖాలూ చూశాను. ఎవరూ చూడలేదు.

"ఆపండి" అన్నాను.

గట్టిగా అనలేదు. మా ఆయన తల తిప్పాడు. మర ఎక్కడో తప్పు బిగించాననుకున్నట్టున్నాడు, చేతిలోదాన్ని తిప్పి చూసుకున్నాడు.

"బాబుని నేను చూసుకోను. మంచం బిగించొద్దు."

బుజ్జి ముఖం పాలిపోయింది. "మరి నేనేం చెయ్యను వదినా? మానెయ్యనా ఉద్యోగం?" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు. మానెయ్యనా అని నన్నే అడుగుతోంది, అదీ మాలాంటిదే. దగ్గరికి వెళ్ళి దాని భుజం పట్టుకున్నాను. "మానొద్దు. ఎవర్ని అడిగినా మానొద్దు. బాబుని ఎక్కడ ఉంచాలో మీ ఆయనా, మీ అన్నయ్యా, అందరం కూర్చుని వెతుకుదాం. నేనూ వెతుకుతాను. కానీ ఆ జవాబు నేను కాదు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. చేతిలో ఇంకా స్క్రూడ్రైవర్ ఉంది. మెల్లగా, పాపకి లెక్క చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు, "నీకు ఉద్యోగం రాలేదు కదా. ఇంట్లోనే ఉంటావు కదా. ఇప్పుడు నీకు కారణం ఏముంది?"

ఆ ప్రశ్న కోసమే నేను ఇన్నాళ్ళూ జీతం కాగితం వెతుక్కున్నాను. అది చేతిలో లేదు. ఏడాది దాకా రాదు, ఏడాది తరవాత వస్తుందో రాదో కూడా తెలీదు. రేపు ఈ ఇంట్లో నాతో ఎవరు ఎలా మాట్లాడతారో తెలీదు. అత్తగారి వైపు చూశాను, ఆవిడ ఏదో అనబోతున్నారు. ఆగి, కొడుకు చేతిలో స్క్రూడ్రైవర్ని, అటు తరవాత బాల్కనీలో బల్లని చూశారు.

ముందు ఆపడం, తరవాత మాట్లాడుకోవడం. బాల్కనీలోకి వెళ్ళి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక్కదానికి బరువే. నేలంతా కీచుమంటూ గీతలు పడుతుంటే, కిటికీ దాకా లాక్కొచ్చాను.

పాప తన గదిలోంచి పరుగెత్తుకొచ్చి, నా వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి చూసింది. ఏదో అడగబోయింది. అడక్కుండానే వచ్చి బల్ల రెండో చివర పట్టుకుంది.